తిరిగొచ్చిన ఇంజన్

షబే బరాత్ రోజు మా ఇంట్లో ఫాతిహాకు పేర్లు చదవడం అబ్బా పని. దాదీ బతికున్నన్నాళ్ళూ పక్కనే కూర్చుని వేళ్ళ మీద లెక్కపెట్టేది. పర్‌దాదా, పర్‌దాదీ, కలరాలో పోయిన ఇద్దరు ఫుప్పూలు, పురిట్లోనే కళ్ళు మూసిన ఒక చాచీ. ఒక్కో పేరుకు ఒక్కో వేలు మడిచేది. అందరి పేర్లూ వచ్చేవి గానీ మా దాదా పేరు మాత్రం రాదు.

ఏడెనిమిదేళ్ళ వయసులో నేనొకసారి ఆగలేక, "అబ్బా, దాదా పేరు మర్చిపోయారు" అన్నాను. గదిలో ఎవరూ మాట్లాడలేదు. దాదీ శనగపప్పు హల్వా పళ్ళెం నా వైపు జరిపి, "మరే నై బేటీ, గుమ్ హోగయే" అంది. చనిపోలేదమ్మా, తప్పిపోయారు అని. తప్పిపోయిన మనిషికి ఫాతిహా ఎలా ఇస్తాం? ఇంతెజార్ చేస్తాం. దాదీ అదే చేసింది, జిందగీ మొత్తం.

(ఫాతిహాలు ఇవ్వని ఇళ్ళు కూడా మనలో ఉన్నాయని నాకు తెలుసు. వాళ్ళతో నాకు బహస్ లేదు. మా ఇంట్లో జరిగింది చెబుతున్నానంతే.)

మాది నెల్లూరు జిల్లా. 1940 జనవరిలో దాదా మద్రాసులో రాజులా ఓడ ఎక్కారు. నాగపట్నం, పెనాంగ్ మీదుగా సింగపూర్ వెళ్ళే ఓడ అది. మా వైపు నుంచి ఎంతమందిని తీసుకెళ్ళిందో ఆ ఓడ! అప్పటికి దాదీ కడుపులో అబ్బా ఉన్నారు. పొలం లేదు, నెత్తిన కర్జా ఉంది. మూడేళ్ళు పర్దేశంలో పని చేసి వస్తే కర్జా తీరుతుంది, ఒక చిన్న ఇల్లు కట్టుకోవచ్చు. ఇదీ దాదా లెక్క.

సింగపూర్ దీవికి ఉత్తరాన, జొహోర్ జలసంధి ఒడ్డున సెంబవాంగ్ అనే చోట బ్రిటిష్ వాళ్ళు అప్పుడే కొత్త నేవల్ బేస్ కట్టారు. సుమారు 6 కోట్ల పౌండ్లు ఖర్చయిందంటారు. 1938 ఫిబ్రవరి 14న అక్కడ కింగ్ జార్జ్ 6 పేరుతో డ్రై డాక్ తెరిచారు. వెయ్యి అడుగుల పొడవు. ఓడ లోపలికి వచ్చాక గేటు మూసి, నీళ్ళన్నీ తోడేసి, దాని అడుగు భాగం మరమ్మతు చేస్తారు. అంత పెద్ద బేస్ నడవాలంటే కూలీలు కావాలి. మలయాళీలు, తమిళులు, తెలుగువాళ్ళు, చైనీయులు, మలయ్‌లు అందరూ ఉన్నారు. వాళ్ళలో మా దాదా ఒకరు. బొగ్గు ఖలాసీ.

దాదా ఖత్‌లు మూడు మా దాదీ ట్రంకుపెట్టెలో ఉండేవి. ఉర్దూలో, పెన్సిల్‌తో రాసినవి. ఆఖరిది 1941 నవంబర్‌లో వచ్చింది. అందులో రెండు విషయాలు నాకు కంఠతా వచ్చు, దాదీ అన్నిసార్లు చదివించుకుంది. ఒకటి: డాక్‌లో ఛోటా ఇంజన్ దగ్గర పని దొరికింది, బుట్టలు మోసే పని కంటే నయం. రెండు: పిల్లాడి సున్నతీలు నేనొచ్చాక చేద్దాం, తొందరపడొద్దు.

ఆ ఖత్ వచ్చిన కొన్నాళ్ళకే, డిసెంబర్ 2న ప్రిన్స్ ఆఫ్ వేల్స్, రిపల్స్ అనే రెండు పెద్ద యుద్ధనౌకలు ఆ బేస్‌కి చేరాయి. 8వ తేదీ తెల్లవారకముందే సింగపూర్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. 10వ తేదీకి ఆ రెండు ఓడలూ సముద్రం అడుగున ఉన్నాయి. జనవరి 31న మలయాను, సింగపూర్‌ను కలిపే కాజ్‌వేని బ్రిటిష్ వాళ్ళే పేల్చేశారు. ఆపాటికి నేవీ వాళ్ళు బేస్ వదిలి వెళ్ళిపోతున్నారు. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది. ఏప్రిల్ 6న మన విశాఖపట్నం, కాకినాడల మీద కూడా బాంబులు పడ్డాయి. మద్రాసు నుంచి జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పరిగెత్తారు. ఆ గడబిడలో ఒక బొగ్గు ఖలాసీ ఖబర్ ఎవరు పట్టించుకుంటారు?

బాంబుల్లో పోయారా? ఆకలితో పోయారా? జపాన్ వాళ్ళు బర్మా రైలు మార్గం వేయడానికి తీసుకెళ్ళారా? 415 కిలోమీటర్ల ఆ లైన్ మీద 60 వేల మందికి పైగా యుద్ధఖైదీలు పనిచేశారు. వాళ్ళలో 12 వేల మందికి పైగా చనిపోయారు. మలయా, బర్మా, జావాల నుంచి తోలుకెళ్ళిన ఆసియా మజ్దూర్లు 2 లక్షల దాకా ఉంటారని, వాళ్ళలో 90 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా. ఖైదీల లెక్క రిజిస్టర్లలో ఉంది. మజ్దూర్ల లెక్కకు అంచనాలే దిక్కు. మా దాదా ఏ అంచనాలో ఉన్నారో మాకు తెలియదు.

యుద్ధం అయ్యాక కొందరు తిరిగొచ్చారు. నేతాజీ వెంట సింగపూర్‌లో ఉన్న హైదరాబాద్ ఆబిద్ హసన్ సాహబ్ ప్రాణాలతో ఇల్లు చేరారు. "చూడు, వాళ్ళొచ్చారు, వీళ్ళొచ్చారు" అని ఎవరో ఒకరు దాదీకి ఆశ పెట్టేవాళ్ళు. భర్త ఖబర్ నాలుగేళ్ళు తెలియకపోతే భార్య నికాహ్ రద్దు కోరవచ్చని 1939లోనే ముస్లిం వివాహాల రద్దు చట్టం వచ్చింది. మన ఉలమాలు కూడా అంతకుముందే మాలికీ మస్లక్ ప్రకారం ఆ దారి చూపించారు. ఊరి పెద్దలు దాదీకి ఈ మాట చెప్పారట. అప్పటికి ఆమెకు పాతికేళ్ళు కూడా లేవు. "రేపు ఆయనొస్తే ఏం మొహం చూపించను?" అందట. బేవా కాదు, సుహాగన్ కాదు. మెడలో నల్లపూసలు తీయలేదు, కొత్త చీర కట్టలేదు. ఆమె సబర్‌ను పొగడటానికి ఇది చెప్పడం లేదు. ఆమెకు ఎవరైనా ధైర్యం చెప్పి ఇంకో జిందగీ ఇచ్చి ఉంటే బాగుండేదని నాకు ఈరోజుకీ అనిపిస్తుంది.

అబ్బా సున్నతీలు ఎనిమిదో ఏట జరిగాయి. అప్పటిదాకా వాయిదా వేస్తూ వచ్చారు, ఖత్‌లో రాశారు కాబట్టి. ఆఖరికి మామూ ఒళ్ళో కూర్చోబెట్టుకున్నారు. ఆరోజు దాదీ గదిలోంచి బయటికి రాలేదట.

పెద్దయ్యాక అబ్బా బిట్రగుంట లోకోషెడ్‌లో చేరారు. మొదట క్లీనర్, తర్వాత ఫైర్‌మన్. అర్ధరాత్రి కాల్ బాయ్ వచ్చి తలుపు కొట్టేవాడు. అమ్మీ రొట్టెలు కట్టి ఇచ్చేది. డబ్ల్యూజీ అనే గూడ్స్ ఇంజన్ మీద అబ్బా డ్యూటీ. తిరిగొచ్చాక ఒంటిమీద బొగ్గు, నూనె, పసీనా కలిసిన వాసన. నాకు అదే అబ్బా వాసన. ఇంజన్ గురించి ఎంతడిగినా విసుక్కునేవారు కాదు. "ఇంజన్ ప్రాణం నిప్పులో ఉందనుకుంటారు. నీళ్ళలో ఉంది బేటా. గేజ్ గ్లాస్‌లో నీళ్ళు కనపడలేదంటే మౌత్ వచ్చినట్టే" అనేవారు. ఫైర్‌బాక్స్ పైకప్పులో సీసం బిళ్ళ ఒకటి ఉంటుందట. నీళ్ళు తగ్గి పైకప్పు బయటపడితే ఆ సీసం కరిగి, ఆవిరి లోపలికి దూకి నిప్పును అణచడం మొదలుపెడుతుంది. మనుషుల్ని హెచ్చరిస్తుంది. "తను కరిగిపోయి మనల్ని కాపాడుతుంది" అనేవారు. కరెంటు ఇంజన్లు వచ్చాక ఆ షెడ్డు వెలుగు పోయింది. అబ్బా రిటైరయ్యారు. ఆయన జిందగీ అంతా బొగ్గు వేశారు గానీ, తన అబ్బా బొగ్గు వేసిన సంగతి మాత్రం ఒక్కసారీ మాట్లాడలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

మా అబ్బాయి ఇంగ్లండ్‌లో, లెస్టర్‌లో ఉద్యోగం చేస్తాడు. నిరుడు వేసవిలో నన్ను పిలిపించుకున్నాడు. ఒక ఆదివారం, "అమ్మీ, ఇక్కడికి దగ్గర్లోనే పాత ఇంజన్ల మ్యూజియం ఉంది. అక్కడ ఒక ఇంజన్ పేరు సింగపూర్ అట" అన్నాడు. చేతిలో చాయ్ కప్పు కింద పెట్టేశాను.

రట్లాండ్ అని చాలా చిన్న జిల్లా. అందులో కాట్స్‌మోర్ అనే ఊరి దగ్గర ఉంది ఆ మ్యూజియం. రాక్స్ బై రైల్ అంటారు. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల ఇనుపరాయి గనులుండేవి. ఆ గనుల్లో పనిచేసిన ఇంజన్లనూ వ్యాగన్లనూ పోగుచేసి, జీతం తీసుకోని వాలంటీర్లు చూసుకుంటున్నారు. ఎక్కువమంది తెల్లజుట్టు పెద్దమనుషులు. నూనె మరకల బట్టలు. వాళ్ళను చూస్తే మా బిట్రగుంట షెడ్డు చాచాలే రంగు మారి వచ్చారా అనిపించింది.

సింగపూర్ ఎంత చిన్నదో! అబ్బా డబ్ల్యూజీ పక్కన నిలబెడితే ఆవు పక్కన దూడలా ఉంటుంది. నాలుగే చక్రాలు. వెనక టెండర్ లేదు. నీళ్ళ ట్యాంకును గుర్రానికి జీను వేసినట్టు బాయిలర్ మీదే వేశారు. దాన్ని శాడిల్ ట్యాంక్ అంటారు. నీళ్ళ బరువూ బొగ్గు బరువూ ఆ నాలుగు చక్రాల మీదే పడుతుంది కాబట్టి పట్టాల మీద పట్టు దొరుకుతుంది, పొట్టిగా ఉంది కాబట్టి గోదాముల మధ్య ఇరుకు మలుపుల్లో తిరుగుతుంది. ఓడరేవు ఇంజన్‌కు స్పీడుతో పనిలేదు. ఉక్కు పలకలు, బొగ్గు, ఓడలకు కావలసిన సామాను నింపిన వ్యాగన్లను పొద్దుట్నించి సాయంత్రం దాకా అటు నెట్టాలి, ఇటు లాగాలి. ఖలాసీ పని లాంటిదే దానిదీ. ఎవరూ టికెట్ కొని ఎక్కరు, ఎవరూ చెయ్యి ఊపరు.

1936లో న్యూకాజిల్‌లో హాథార్న్ లెస్లీ కంపెనీ తయారుచేసింది. నంబర్ 3865. సింగపూర్ నేవల్ బేస్‌కి వెళ్ళింది. 1942లో దీవితో పాటు ఇదీ జపాన్ వాళ్ళ చేతికి చిక్కింది. వాళ్ళకూ డాక్ కావాలి కదా. యుద్ధం అయ్యాక మళ్ళీ బ్రిటిష్ వాళ్ళ చేతికొచ్చింది. తర్వాత ఓడ ఎక్కి ఇంగ్లండ్ చేరి, చాథమ్ డాక్‌యార్డ్‌లో మళ్ళీ అదే పని, వ్యాగన్లు లాగడం. చాథమ్ డాక్‌యార్డ్ 1984లో మూతపడింది. అంతకుముందే దీన్ని అభిమానులు కొని తుక్కులోకి పోకుండా కాపాడారు. అలా అలా రట్లాండ్ చేరింది.

దాని ఒంటి మీద గుండ్లు, బాంబు ముక్కలు తగిలిన రంధ్రాలున్నాయి. ఇన్నేళ్ళ తర్వాతా ఉన్నాయి. వాటివల్లే దీన్ని యుద్ధ స్మారకంగా గుర్తించారు.

నేను చాలాసేపు అలాగే నిలబడిపోయాను. అక్కడున్న ఒక పెద్దాయన వచ్చి పలకరించారు. మా అబ్బాయి మా కథ రెండు ముక్కల్లో చెప్పాడు. ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నారు. పాత ఇంజన్‌ను కాపాడటంలో పెద్ద పేచీ ఏమిటో ఆయన చెప్పారు. మళ్ళీ ఆవిరితో నడపాలంటే బాయిలర్‌కు పరీక్షలు జరగాలి. పదేళ్ళకోసారి మొత్తం విప్పి చూడాలి, పుచ్చిన రేకులు మార్చాలి, గొట్టాలు మార్చాలి. డబ్బూ కావాలి, చేతులూ కావాలి. మారుస్తూ పోతే ఇంజన్ నడుస్తుంది గానీ పాత ఇనుము తగ్గిపోతూ ఉంటుంది. ఇలాంటి ఇంజన్‌కు మచ్చ ఉన్న రేకు తీసేస్తే గవాహీ కూడా తీసేసినట్టే. అందుకే ఏది మార్చాలి, ఏది ముట్టుకోకూడదు అన్నది ముందే తేల్చుకోవాలట.

నాకు వెంటనే దాదీ మెడలో నల్లపూసలు యాదొచ్చాయి. వాటిని తీయమని ఎంతమంది చెప్పారో.

అబ్బాకు వీడియో కాల్ చేశాను. ఆయనకు ఎనభై నాలుగు. చెవులు సరిగా వినపడవు గానీ ఇంజన్ కనపడగానే లేచి కూర్చున్నారు.

"శాడిల్ ట్యాంకా?"

"అవునబ్బా. నాలుగు చక్రాలు."

"డాక్ ఇంజనే. ఎక్కడిది?"

చెప్పాను. అటువైపు నుంచి కాసేపు ఏ మాటా రాలేదు. ఫోన్ దగ్గరగా పట్టి రంధ్రాలు చూపించాను.

"కొత్త రేకు వెయ్యలేదా?"

"లేదబ్బా. కావాలనే అలా ఉంచారు."

"మా షెడ్‌లో అయితే ఫోర్‌మన్ ఊరుకునేవాడు కాదు. ఒక్క రోజులో మార్చేసేవాళ్ళం." మళ్ళీ ఆగారు. "మార్చకపోవడమే మంచిదైంది."

తర్వాత, "ఫైర్‌మన్ నిలబడే చోటు చూపించు" అన్నారు. పెద్దాయన్ని అడిగి ఫోన్ క్యాబ్ వైపు తిప్పాను. అబ్బా కళ్ళద్దాలు సర్దుకుని చూశారు. "ఇద్దరు నిలబడితే భుజాలు రాసుకుంటాయి" అన్నారు. "సింగపూర్‌లో చలికాలం ఉండదంట కదా. ముందు నిప్పు, పైన ఎండ. కూర్చోడానికి కూడా చోటు లేదు." నాతో అంటున్నట్టు లేదు. ఎనభై నాలుగేళ్ళలో మొదటిసారి ఆయన తన అబ్బా పని గురించి మాట్లాడారు. ఒక ఫైర్‌మన్ ఇంకో ఫైర్‌మన్ కష్టం గురించి మాట్లాడినట్టు.

దాదా ఈ ఇంజన్ దగ్గరే పనిచేశారని నేను అనను. అంత పెద్ద బేస్‌లో ఇంజన్ ఇదొక్కటే ఉండి ఉండదు. ఖత్‌లో 'ఛోటా ఇంజన్' అని తప్ప పేరు లేదు. కానీ ఆ గాలి పీల్చింది, ఆ బాంబుల కింద నిలబడింది, అక్కడి బొగ్గు తిన్నది ఒకటి వెనక్కి వచ్చింది. మా ఇంటికి సంబంధించినంతవరకు అక్కడి నుంచి తిరిగొచ్చింది అదొక్కటే.

ఒక్క మాట మాత్రం గుచ్చుతోంది. ఇంజన్‌కు నంబర్ ఉంది. ఏ సంవత్సరం తయారైందో, ఎక్కడెక్కడ పనిచేసిందో రాసి ఉంది. సింగపూర్‌లోని క్రాంజీలో సమాధి దొరకని సైనికుల పేర్లు 24 వేలకు పైగా గోడల మీద చెక్కి ఉన్నాయి. వాటిలో మన హిందుస్తానీ ముస్లిం సిపాయిల పేర్లూ ఉన్నాయి. బొగ్గు ఖలాసీల పేర్లు ఏ గోడ మీద వెతకాలి? సింగపూర్ బీచ్ రోడ్డులో పౌరుల కోసం నాలుగు పెద్ద స్తంభాల స్మారకం 1967లో కట్టారు. దాని కింద ఎవరివో తెలియని ఎముకలు ఉన్నాయి. మా దాదా అక్కడే ఉన్నారేమో, అల్లాకే తెలియాలి. మీ ఇళ్ళలో కూడా రంగూన్ వెళ్ళిన, మలయా వెళ్ళిన, గల్ఫ్ వెళ్ళిన ఒక చాచా ఖబర్ ఆగిపోయి ఉంటే, ఆయన పేరు, ఊరు, ఏ పని చేసేవారో ఒక కాగితం మీద రాసిపెట్టండి. ఇంజన్‌కు ఉన్నపాటి కాగితమైనా మన మనుషులకు ఉండాలి కదా.

నేను ఊరికి వచ్చాక అబ్బా మస్జిద్ ఇమామ్ సాహబ్ దగ్గరికి వెళ్ళారు. గుమ్ అయిన మనిషి తోటివాళ్ళు ఎవరూ మిగలనంత కాలం గడిచాక ఆయన్ని చనిపోయినవాడిగానే లెక్కించాలని ఇమామ్ సాహబ్ చెప్పారు. దాదా ఉంటే నూటపదేళ్ళు దాటి ఉండేవారు. ఈ మసలా అబ్బాకు ఎప్పుడో తెలుసనుకుంటాను. అడగడానికి వెళ్ళాలంటే కాళ్ళు కదలాలి కదా.

ఈసారి షబే బరాత్ ఫిబ్రవరిలో వచ్చింది. సింగపూర్ పడిపోయిన నెల. శనగపప్పు హల్వా నేనే చేశాను. అబ్బా పేర్లు మొదలుపెట్టారు. దాదీ చోట నేను కూర్చుని వేళ్ళు మడుస్తున్నాను. పర్‌దాదా, పర్‌దాదీ, ఫుప్పూలు, చాచీ, దాదీ, అమ్మీ. అక్కడ ఎప్పుడూ ఆగిపోయేవారు. అబ్బా గొంతు సవరించుకున్నారు. దాదా పేరు, ఆయన తండ్రి పేరు, ఊరి పేరు చెప్పారు. కొంచెం ఆగి, "సింగపూర్ డాక్‌లో ఫైర్‌మన్" అని కూడా అన్నారు. ఫాతిహాలో ఉద్యోగం ఎవరూ చెప్పరు.

నేను ఇంకో వేలు మడిచాను.